స్నో బ్లోయర్‌కి ఆయుధపూజ

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఏ యంత్రాన్నయినా వరసగా, ఓపిగ్గా పరీక్షిస్తే తన జబ్బేమిటో తనే చెబుతుందన్నది ఒకటి. అలా పరీక్షించే ఓపిక మా ఇంట్లో నాకొక్కడికే ఉందన్నది రెండోది. మొదటి నమ్మకం ఇప్పటికీ ఉంది. రెండోది మాత్రం ఇరవై నాలుగేళ్ల కిందట ఒక డిసెంబరు ఉదయాన, లండన్‌లోని మా ఇంటి డ్రైవ్‌వే మీద రాలిపోయింది. (లండన్ అంటే రాజులుండే లండన్ కాదు, ఒంటారియోలోని లండన్. మా బంధువులకు ఈ తేడా చెప్పీ చెప్పీ అలిసిపోయి, చివరికి నది కూడా అదేనా అని అడిగితే అదే అనేవాణ్ణి. చిత్రమేమిటంటే ఇక్కడి నది పేరూ థేమ్స్ నదే!) ఆ ఏటి డైరీ ఇప్పుడు నా ముందు తెరిచి ఉంది. ఆనాటి పేజీ మధ్యలో చిన్న తుప్పు మరక ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

అప్పటికి నాకు ముప్పై అయిదు నిండలేదు. కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం. రోజంతా చేతిలో జాబితా పట్టుకుని టిక్కులు పెట్టడమే పని కాబట్టి, ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకునేది కాదు. ఫ్రిజ్ మీదొక జాబితా, కారులో ఒకటి, ఊరికి వెళితే సూట్‌కేసు మూత లోపల ఇంకొకటి. మా ఆవిడకి ఆ శరదృతువులోనే ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. గుంటూరులో ఆరేళ్లు చేసిన పనే అయినా, ఇక్కడ పరీక్షలన్నీ మళ్లీ రాసి సంపాదించుకున్న ఉద్యోగం. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. బస్సులు ఆలస్యమై అప్పటికే రెండుసార్లు లేటుగా వెళ్లింది. ఆవిడ పై అధికారిణికి మేం 'గడియారం మేడమ్' అని పేరు పెట్టుకున్నాం. మూడోసారి ఆలస్యమైతే పర్మనెంట్ చేయడం కుదరదని ఆ గడియారం ముందే మోగింది. అందుకే మేం పాత కారొకటి కొన్నాం. ఉదయం ఏడున్నరకి ఆవిడ ల్యాబులో ఉండాలంటే కారు ఏడుంబావులోపు రోడ్డెక్కాలి. కారు రోడ్డెక్కాలంటే డ్రైవ్‌వే మీద మంచు ఉండకూడదు. ఆ బాధ్యత నాది.

అందుకు సాధనం కూడా దొరికింది. పక్కింట్లో ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకునే ముసలాయన ఒకరుండేవారు. ఆయన్ని మేం 'టోపీ తాత' అనుకునేవాళ్లం. ఆ ఏడాది నుంచి చలికాలమంతా ఫ్లోరిడాలో గడపాలనుకుని, ఆయన తన స్నో బ్లోయర్‌ని మాకు అమ్మేశారు. రెండు చక్రాలు, ముందు మంచును కొరికే ఇనుప మర, పైన దాన్ని దూరంగా చిమ్మే గొట్టం, తాడు లాగితే మొదలయ్యే పెట్రోలు ఇంజను. ("మంచి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడు, పని చేస్తుంది" అన్నారాయన. నేను దాన్ని కూడా డైరీలో రాసుకున్నాను.) దాంతో వచ్చిన పుస్తకాన్ని మూడుసార్లు చదివి, ముఖ్యమైనవి తెలుగులో ఎత్తి రాసుకుని, పద్నాలుగు అంశాల జాబితా తయారుచేశాను. పాత పెట్రోలు తీసెయ్యాలి, ఆయిల్ చూడాలి, స్పార్క్ ప్లగ్ తుడవాలి, గొట్టంలో చెయ్యి పెట్టకూడదు, ఇలాంటివి. పదమూడు అంశాలు పుస్తకంలోవి. పద్నాలుగోది మాత్రం నేను చేర్చిందే: ఆయుధపూజ.

అక్టోబరులో దసరా నాడు గ్యారేజీ తలుపు పైకెత్తి, యంత్రాన్ని తడిగుడ్డతో తుడిచి, అగరొత్తులు వెలిగించాం. బొట్టు ఎక్కడ పెట్టాలన్నది సమస్య అయింది. కారుకైతే ముందు భాగం ఉంటుంది. దీనికి ముందంతా పళ్లే.

"నుదురు ఎక్కడుందో చూసి పెట్టండి మరి" అంది మా ఆవిడ.

పైన నున్నగా, గుండ్రంగా కనిపించింది పెట్రోలు ట్యాంకు మూత. అంతకంటే నుదురులాంటిది లేదు. పసుపులో కాస్త నూనె కలిపి దట్టంగా పట్టించి, మధ్యలో కుంకుమ అద్దాను.

"చాల్చాల్లెండి, పెళ్లికూతుర్ని చేస్తున్నారు."

"ఆర్నెల్ల చలి. ఒక పొరకి ఆగుతుందా?" అని ఇంకో పొర పట్టించాను.

తరవాత చక్రం కింద నిమ్మకాయ పెట్టి, ఇంజను ఒక్క నిమిషం నడిపి, యంత్రాన్ని ముందుకు తోశాను. ప్రయాణానికి సామాన్లు సర్దుకుంటున్న టోపీ తాత కంచె మీదుగా ఇదంతా చూసి, "ఆ నిమ్మకాయ ఏం తప్పు చేసింది?" అని అడిగారు. నాకు తోచిన ఇంగ్లీషులో పావుగంట వివరించాను. ఆయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, లోపలికి వెళ్లిపోయారు.

యంత్రం మీద నమ్మకంతో నేను ఇంకో ఘనకార్యం కూడా చేశాను. ఇంట్లో ఉన్న ఒక్క మంచు పారని, ఊళ్లోకి కొత్తగా వచ్చిన ఒక తెలుగు కుటుంబానికి ఇచ్చేశాను. "మాకిక దీంతో పనిలేదండీ" అన్న నా మాట కూడా డైరీలో ఉంది, తారీఖుతో సహా.

డిసెంబరులో హ్యూరన్ సరస్సు మీంచి వచ్చిన మంచు రాత్రంతా కురిసింది. ఉదయం అయిదూ నలభైకి గ్యారేజీ తెరిస్తే కారు చక్రాల ఎత్తున తెల్లగా నిండి ఉంది. దానికితోడు రోడ్డు శుభ్రం చేసే బండి వెళుతూ వెళుతూ మా డ్రైవ్‌వే మొదట్లో నడుమెత్తు గోడ కట్టిపోయింది. నేను జాబితా ప్రకారం చోక్ వేసి, ఇంజనుకి పెట్రోలు అందించే రబ్బరు బొత్తాం మూడుసార్లు నొక్కి, తాడు లాగాను. ఒక్క లాగుకే అందుకుంది. మంచు ఎగిరి పక్కకి పడుతుంటే, కిటికీలోంచి చూస్తున్న మా ఆవిడకి చెయ్యి కూడా ఊపాను. ఎనిమిది నిమిషాలు. తరవాత ఒకసారి దగ్గి, రెండోసారి దగ్గి, ఆగిపోయింది.

విశాఖపట్నంలో నా స్కూటరైతే ఇలాంటప్పుడు ఓ పక్కకి వంచి, లేపి, తన్నితే బయల్దేరేది. దీన్ని వంచబోతే అది నన్ను వంచింది. సరే, పద్ధతిగానే పోదామని డైరీ తెరిచాను. (చలికి పెన్ను పని చెయ్యదని పెన్సిలు దగ్గర పెట్టుకునేవాణ్ణి.) మొదటి మెట్టు: పెట్రోలు చూడు. మూత తీశాను, నిండుగా ఉంది. బొట్టు చెదరకుండా మూత పెట్టాను. రెండో మెట్టు: స్పార్క్ ప్లగ్ తీసి తుడిచి బిగించాను. తాడు లాగితే అందుకుంది! "ప్లగ్ దోషం" అని రాశాను. ఏడు నిమిషాల్లో మళ్లీ ఆగింది. మళ్లీ మొదటి మెట్టు, మూత తీశాను, పెట్రోలు ఉంది. ఈసారి కార్బురేటర్ అడుగు మర విప్పి కాస్త పెట్రోలు వదిలేశాను, నీరు చేరిందేమోనని. లాగితే అందుకుంది! "ప్లగ్ కాదు, నీరు" అని దిద్దాను. ఏడు నిమిషాలు. మూత, పెట్రోలు ఉంది. ఈసారి చోక్ తీగ సవరించాను. అందుకుంది! "నీరు కాదు, చోక్" అని రాశాను. అదీ ఏడు నిమిషాలే. అప్పటికి డ్రైవ్‌వే చాలావరకు శుభ్రమైంది కానీ, రోడ్డు దగ్గరి గోడ గోడలాగే ఉంది. టైము ఆరూ నలభై అయిదు.

మా ఆవిడ కోటు, బూట్లు వేసుకుని, అన్నం వార్చే పెద్ద స్టీలు బేసిను పట్టుకుని బయటికొచ్చింది. నేరుగా వెళ్లి బేసినుతో గోడని తవ్వడం మొదలుపెట్టింది. నన్ను తిట్టినా బాగుండేది. స్టీలు మంచుకి తగిలి చేస్తున్న ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

"దోషం దొరికిపోయినట్టే, ఇంకో రెండు మెట్లే ఉన్నాయి" అన్నాను.

"మూడుసార్లు దొరికింది కదండీ. ఏదీ, ఆ డైరీ ఇటివ్వండి."

బేసిను చంకలో పెట్టుకుని, వీధిదీపం వెలుగులో చదివింది. ల్యాబులో పనిచేసేవాళ్లు కాగితాన్ని చూసే తీరే వేరు.

"మూడుసార్లూ వేరేవేరే పనులు చేశారు. మూడుసార్లూ నడిచింది. మూడింట్లోనూ మారనిది ఒక్కటే, మూత తియ్యడం. ఇదేంటి, 'మూత తీస్తే స్స్‌మని చిన్న శబ్దం, మామూలే' అని రాశారు?"

"మామూలేగా!"

"ఎవరికి మామూలు? ఈసారి మూత ఒక్కటే తీసి పెట్టండి. ఇంక దేన్నీ ముట్టుకోకండి."

"అలా మెట్లు దాటెయ్యడం పద్ధతి కాదు."

"గడియారం మేడమ్‌కి చెప్పండి మీ పద్ధతి."

మూత తీశాను. స్స్‌మంది. పెట్టాను. తాడు లాగాను. అందుకుంది. నేను అడగకుండానే ఆవిడ స్విచ్చి నొక్కి దాన్ని ఆపేసి, మూతని తీసి వెలుగులో తిప్పి చూసింది. లోపలివైపు సూదిమొనంత రంధ్రం. పెట్రోలు తగ్గినకొద్దీ గాలి లోపలికి వెళ్లడానికి పెట్టిన దారి. బయటివైపు దానిమీద, నేను రెండు పొరలు పట్టించి, రెండు నెలలు ఎండబెట్టిన పసుపు. గాలి ఆడక ట్యాంకు ఊపిరి బిగబడుతోంది, నేను మూత తీసినప్పుడల్లా తీరిగ్గా పీల్చుకుంటోంది. పుస్తకంలోని పదమూడు అంశాలూ నిక్షేపంగా ఉన్నాయి. జబ్బంతా పద్నాలుగోదే.

నేను జేబురుమాలుతో తుడవబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "బొట్టు చెరపకూడదు, ఉండండి." గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి, కుంకుమకి పక్కగా, సరిగ్గా రంధ్రం ఉన్నచోట పసుపులో గుచ్చి తిప్పింది. అంతే. ఇంజను ఆ ఉదయం మళ్లీ ఆగలేదు. గోడ కూలింది. ఏడూ పదికి కారు రోడ్డెక్కింది. బేసిను మంచులోనే ఉండిపోయింది. ఏడూ ఇరవై ఎనిమిదికి ఆవిడ ల్యాబు తలుపు తోసిందట. గడియారం మేడమ్ చేతి గడియారం చూసుకుని, తల ఊపిందట. ఆ ల్యాబులో ఆవిడ ఇరవై రెండేళ్లు పనిచేసింది.

ఇప్పుడు మేం అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మంచు ఎవరో తీస్తారు, నేను నాలుగో అంతస్తు కిటికీలోంచి చూస్తాను. కింద యంత్రం దగ్గి ఆగితే మాత్రం ఇప్పటికీ "మూత తీసి చూడు నాయనా" అని అరవాలనిపిస్తుంది. ఇవాళ ఆనాటి పేజీ తీస్తే, అప్పుడు గుర్తుగా గుచ్చిన పిన్నీసు అక్కడే ఉంది. పక్కన నా దస్తూరీలో, చక్కటి పెన్సిలు అక్షరాలతో: "కారణం: మూత రంధ్రం మూసుకుపోవడం. కనుగొన్నది: నేను."

ఎంత నిబ్బరంగా రాశాడో ఆ కుర్రాడు! కాసేపు వాణ్ణే చూస్తూ కూర్చుని, పెన్ను తీసి, 'నేను' కొట్టేసి పైన 'మా ఆవిడ' అని రాశాను.

"పాత డైరీలో ఇప్పుడేం రాస్తున్నారండీ?" అంది వెనకనుంచి.

"చిన్న సవరణ."

ఆవిడ వంగి, కళ్లజోడు సర్దుకుని చదివింది. తరవాత పేజీ మీది తుప్పు మరకని వేలితో తడిమి, "అయితే నా పిన్నీసు వెనక్కి ఎప్పుడిస్తారు?" అంది.