వెర్నా గెలిపించిన లాయరమ్మ

మా కౌంటీ కోర్టులో ఇరవై ఆరేళ్లు స్టెనోగ్రాఫర్‌గా చేశాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, అక్కడ జడ్జి కన్నా, సర్కారు తరఫున కేసులు నడిపే ప్రాసిక్యూటర్ మాటకే చెల్లుబాటు ఎక్కువ. ఏ నేరం మోపాలో, ఎన్నేళ్లకు బేరం కుదుర్చాలో అంతా ఆయన ఇష్టం. ఆ కుర్చీలో కూర్చునే మనిషిని నాలుగేళ్లకోసారి మేమే ఓట్లేసి ఎన్నుకుంటాం, ఆనక మేమే తిట్టుకుంటాం.

ఒడెట్ ప్రూయిట్ సర్కారు జీతం మీద పేదల తరఫున వాదించే లాయరు. మా చర్చి వంటగదిలో చేపలు వేయించే వెర్నా గేన్స్ కొడుకు కార్డెల్ పదిహేడేళ్లప్పుడు, దుకాణం దోచిన వాళ్లకు కారు నడిపాడు. నేరం ఒప్పుకుంటే ఎనిమిదేళ్లతో సరిపెడతామన్నారు. ఒప్పుకోవద్దని సలహా ఇచ్చింది ఒడెట్టే. విచారణలో ఓడిపోయింది, కుర్రాడికి ముప్పయ్యేళ్లు పడ్డాయి. శిక్ష తగ్గించమని ఆమె మూడుసార్లు అర్జీ పెడితే, అప్పటి ముసలి ప్రాసిక్యూటర్ మూడుసార్లూ కాదన్నాడు. ఇక లాభం లేదని ఆ కుర్చీకే పోటీ చేసింది.

మోకాళ్ల నొప్పులతో వెర్నా, ఒడెట్‌కు ఓటేయమని ఇంటింటికీ తిరిగింది. మా ఇంటికైతే రెండుసార్లు వచ్చింది, నా మీద నమ్మకం లేక. ఒడెట్ గెలిచింది. నేనూ సంబరపడ్డాను, అబద్ధమెందుకు.

ఒకప్పుడు తాను ఎవరి తరఫున వాదించిందో ఆ మనిషి కేసును ప్రాసిక్యూటర్‌గా తాను ముట్టుకోకూడదని ఒడెట్‌కు తెలుసు. తాను తప్పుకుంటే కిందివాళ్లు చూస్తారులే అనుకుంది. అంత చదువుకున్న మనిషి అక్కడే బోల్తా పడింది. ఆమె ఆఫీసులో ఎవరూ ఆ ఫైలు తెరవడానికి వీల్లేదని జడ్జి తేల్చేసి, దాన్ని పక్క కౌంటీ ప్రాసిక్యూటర్‌కు పంపాడు. ఆయన పాత కేసుల జోలికి పోయే రకం కాదు. నెల తిరక్కుండా, కుదరదని మూడు ముక్కల్లో రాసి పంపాడు.

ఆ ఆదివారం ఒడెట్ చర్చి వంటగదిలోకి వచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను పళ్లేలు తుడుస్తున్నాను. వెర్నా పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుంది.

"నువ్వు ఓడిపోయుంటే ఏమయ్యేది తల్లీ?"

"కార్డెల్‌కి ఇంకా లాయర్నే అయ్యుండేదాన్ని, మిస్ వెర్నా. మళ్లీ అర్జీ పెట్టేదాన్ని."

వెర్నా వేయించిన చేపల మీద మూత పెట్టింది. ఆమె తిడితే బాగుండుననిపించింది నాకు.

"సరేలే, అయిందేదో అయింది. వాడికి ఇంకో మంచి లాయర్ని చూడాలి. ఎవరి దగ్గరికెళ్లమంటావు? నీకు తెలిసినట్టు నాకేం తెలుసు?"

ఒడెట్ సంచీలోంచి తీసిన పెన్నును మళ్లీ లోపల పెట్టేసింది.

"ఈ కుర్చీలో ఉండగా అది కూడా నేను చెప్పకూడదు, మిస్ వెర్నా."