లష్కర్ కాకతో కాలువ కట్ట మీద

మా పక్కింటి లష్కర్ కాక పోయాడు. మంగళవారం తెల్లారి ఆయన కోడలు మా గేటు దగ్గర నిలబడి, లోపలికి కూడా రాకుండా, "సారూ, మా మామ ఎంత లేపినా లేస్తలేడు, జర వచ్చి సూడుండ్రి" అంది. నేను చెప్పులేసుకోకుండానే వెళ్లాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆమె నా ముఖం చూసి తెలుసుకుంది. 

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండడు. సుల్తానాబాద్‌కు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న మా ఊరు దాటితే ఆయన పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు. ఊళ్లో కూడా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. మా ఇళ్ల వెనకనుంచి పోయే ఉపకాలువ మీద ముప్పై ఏళ్లకు పైగా లష్కర్‌గా పనిచేశాడు. తూముల షట్టర్లు ఎత్తి, దించి, ఎవరి వంతు నీళ్లు వాళ్ల పొలాలకు అందేలా చూసే ఉద్యోగం అది. రిటైరై పదిహేనేళ్లు దాటినా పొద్దున్నే కట్ట మీదికి పోవడం మానలేదు. తూముకు అడ్డం పడిన గుర్రపుడెక్కను కట్టెతో లాగి పడేసేవాడు. చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. డాక్టర్ వద్దన్న నాటి నుంచి దాన్ని ముట్టించలేదు, తీసి పడేయనూలేదు.

మనుషులను ఆయన తూములతోనే గుర్తుపెట్టుకునేవాడు. "నాలుగో తూము కిందామె బిడ్డకు సంబంధం కుదిరిందట" అనేవాడు. "రెండో తూము ముసలాయన మంచిగ లేడు, ఓసారి పోయి రావాలె" అనేవాడు. ఇరవై ఏళ్లు పక్కింట్లో ఉండి కూడా నేను ఆయనతో పలకరింపులకు మించి మాట్లాడింది లేదు. హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పే సారును. నాకు తీరిక ఉండేది కాదు.

నాలుగేళ్ల కింద తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాస్తుండగా చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. వంగి తీసుకోబోతే కుడికాలు నా మాట వినలేదు. పిల్లలే నన్ను మోసుకుని ఆటోలో వేశారు. కరీంనగర్ ఆస్పత్రిలో మూడు వారాలున్నాను. ప్రాణం దక్కింది. కానీ కుడి చెయ్యి, కుడి కాలు మొద్దుబారాయి. నాలుక మడత పడిపోయింది. పిల్లలకు పలకడం నేర్పిన నోట్లో నా భార్య పేరు కూడా తిరగలేదు. ఇంటికొచ్చాక గడప దాటలేదు. నా దగ్గర చదువుకున్న వాళ్లు ఊరంతా ఉన్నారు. ఈ నడక, ఈ మాట వాళ్ల కంట పడకూడదనుకున్నాను.

పగలంతా మంచంలో పడుకుని ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని వీడియోలు చూసేవాణ్ని. వాటిలో ఒక రకం నాకు బాగా అలవాటైంది. ఇంగ్లండ్‌లో ఏదో పల్లెలో, కాలువ పక్కన కాలిబాట మీద, ఎవరో కెమెరా పట్టుకుని మెల్లగా నడుస్తూ పోతారు. మనిషి కనపడడు, మాటలుండవు. కంకర మీద అడుగుల చప్పుడు, పిట్టల అరుపులు, నీళ్ల మీద బాతులు, అక్కడక్కడ ఒక రాతి వంతెన. గంట, గంటన్నర అట్లా నడుస్తూనే ఉంటారు. అవి చూస్తుంటే నేనే నడుస్తున్నట్టు ఉండేది.

ఒకరోజు లష్కర్ కాక చేతిసంచిలో అనపకాయలు తెచ్చి మా ఇంట్లో ఇచ్చాడు. నా భార్య ఆయనతో మొర పెట్టుకుంది. "డాక్టరేమో నడువుమన్నడు కాకా. ఈయన గడప దాటుతలేడు. నేను జెప్తె మొకం అటు తిప్పుకుంటడు."

కాక నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కాసేపు ఫోన్‌లోకి తొంగి చూశాడు.

"ఏ కాలువ సారూ ఇది?"

"ఇం...గ్లండ్" అన్నాను, కష్టపడి.

"ఎవలదో కాలువ మీద ఎవలో నడుస్తుంటె నువ్వు పండుకొని సూస్తున్నవా? మన కాలువ మన ఇంటెనకనే ఉండె గదా. లే, పా."

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన బలవంతం చేయలేదు. మర్నాడు పొద్దున అదే వేళకు వచ్చి గేటు దగ్గర నిలబడి, "సారూ!" అని ఒక్కసారి పిలిచి, కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఆ మర్నాడు కూడా అంతే. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, ఆయన పిలవకముందే నేను గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చాను.

మొదటి తూము మా పెరటి వెనక నలభై అడుగుల్లోనే ఉంటుంది. అక్కడిదాకా పోవడానికి అరగంట పట్టింది. చేరాక నాకు ఉత్సాహం వచ్చి ఇంకొంచెం పోదామని సైగ చేశాను. కాక ఒప్పుకోలేదు. "ఇయ్యాల గీ తూము దాకనే. రెండో తూము యాడికి పోతది, ఆడనే ఉంటది" అన్నాడు. ఎదురొచ్చిన రైతులు ఆగి, నన్ను ఎగాదిగా చూసి, "ఏమైంది సార్‌కు?" అని అడిగేవాళ్లు. నేను సిగ్గుతో నేల చూసేవాణ్ని. కాక మాత్రం, "ఏంగాలే, కాలువ సూడనీకి వచ్చిండు" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు.

ఆయన నాకు ఒక అడుగు వెనక, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నడిచేవాడు. పాత ఉద్యోగం తాలూకు దర్జా అనుకున్నాను.

నెల తర్వాత మూడో తూముకు పోతున్నప్పుడు పడ్డాను. మంచుకు తడిసిన గడ్డి మీద నా చేతికర్ర జారి, కట్టకు అడ్డంగా పడిపోయాను. దెబ్బ పెద్దది కాదు కానీ లేవలేకపోయాను. కాక వైపు ఎడమచెయ్యి చాపాను. ఆయన చూశాడు. చెయ్యి అందివ్వలేదు. నా పక్కన గడ్డి మీద చతికిలబడి కూర్చున్నాడు.

"లేస్తవ్ సారూ. జల్ది ఏం లేదు. ఎడమ మోకాలు కిందికి పెట్టు ముందుగాల."

ఎంతసేపో తెలియదు. ఎండ పడి గడ్డి ఆరిపోయింది. మట్టిలో పొర్లి, ఏడ్చి, నోటికొచ్చినట్టు తిట్టి, చివరికి తూము గోడ పట్టుకుని నా అంతట నేను లేచాను. ఇంటికి వచ్చేదాకా ఆయన ముఖం చూడలేదు. నాలుగు రోజులు బయటికి పోలేదు. ఆయన మాత్రం రోజూ గేటు దగ్గరికి వచ్చి ఒక్కసారి పిలిచి పోతూనే ఉన్నాడు. ఐదో రోజు నేనే వెళ్లి, అప్పటికి తిరిగిన నాలుకతో అడిగాను. "ఎందుకు... లేపలే కాకా?"

ఆయన నన్ను కట్ట మీదికి తీసుకుపోయి, తూము గోడ మీద కూర్చున్నాక చెప్పాడు.

"మీ చిన్నమ్మకు, అదే నా పెండ్లానికి గూడ గిదే బీమారి వచ్చె సారూ. నువ్వు ఇంకా మా ఊరికి రాలే అప్పుడు. నేను దాన్ని మంచం దిగనియ్యలే. బువ్వ నేనే తినిపిచ్చిన, తానం నేనే పోసిన, ఎత్తుకొని ఎండల కూసోబెట్టిన. జర నడుస్తనయ్యా అని అడిగేది. పడ్తవే, వద్దనేటోన్ని. మూడేండ్లు. దానికి కాళ్లున్న సంగతి నేనే మరిపిచ్చిన. ఆఖరికి అడుగుడు గూడ బంద్ జేసింది."

చెవి మీది బీడీ తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

"నువ్వు పడ్డనాడు నా చేతులు ఆగలే సారూ. ఎనకకు కట్టుకున్న గాబట్టి ఆగినయ్."

 నేను కర్ర తీసుకుని లేచి, ఆయనకు ఒక అడుగు ముందు నడక మొదలుపెట్టాను.

ఆ తర్వాత మా నడక సాగుతూ పోయింది. నాలుగో తూము, ఐదో తూము, రైలు పట్టాలు కనబడే మలుపు. అదంతా చదునైన దారి. ఎక్కడా ఎక్కడం దిగడం లేదు. ఒక పక్క వరి, ఒక పక్క నీళ్లు. చిన్నపిల్లలు, ముసలివాళ్లు కూడా హాయిగా నడవగలరు. అటువంటి దారి నా పెరటి వెనకే ఉందని నాకు నలభై ఎనిమిదేళ్లకు తెలిసింది. దూరంగా మడిలో ఎవరైనా కనబడితే కాక, "సారూ, గాయినను పిలువు, నా గొంతు పోతలేదు" అనేవాడు. ఆయన గొంతు ఊరవతలికి వినబడుతుందని నాకు తెలుసు. అయినా పిలిచేవాణ్ని. మొదట్లో నా పిలుపు నాకే అర్థమయ్యేది కాదు. ఒకరోజు మడిలో మనిషి నడుం ఎత్తి, "ఏంది సారూ?" అని బదులిచ్చాడు. ఏం చెప్పాలో తోచక, "ఏం లేదే, మంచిగున్నవా?" అని అరిచాను. కాక ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాడు.

తూము గోడ మీద కూర్చున్నప్పుడు ఆయనకు ఇంగ్లండ్ కాలువలు చూపించేవాణ్ని. అక్కడ పడవలను మెరక మీదికి ఎక్కించడానికి కాలువకు అడ్డంగా గేట్లు ఉంటాయి. వాటిని మూసి, నీళ్లు నింపి, పడవ పైకి లేచాక అవతలి గేటు తీస్తారు. ఆ గేటు తిప్పే మనిషిని చూసి కాక మురిసిపోయాడు. "వీడు మనోడే!" అన్నాడు. తర్వాత అనుమానం వచ్చింది.

"గీ నీళ్లు ఎవల పొలానికిస్తరు సారూ?"

"ఎవలకియ్యరు కాకా. పడవలు పోతయి."

"పడవలల్ల ఏం పోతయి?"

"ఇప్పుడేం పోవు. ఊరికెనే తిరుగుతరు, సూస్తరు."

ఆయన ఫోన్‌ను ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "మంచిదే" అన్నాడు చివరికి. "నీళ్లకు గూడ జర ఛుట్టీ ఉండాలె గదా."

ఏడాదిన్నరకు మళ్లీ బడికి పోయాను. బోర్డు మీద ఎడమచేత్తో రాస్తాను, అక్షరాలు వంకరపోతాయి, పిల్లలు సర్దుకున్నారు. పొద్దున నడక మాత్రం మానలేదు.

పోయిన చలికాలం నుంచి కాక రెండో తూము దగ్గరే ఆగిపోవడం మొదలుపెట్టాడు. "నువ్వు పోయిరా సారూ, నేను గిక్కడ కూసుంట" అనేవాడు. ఆయాసమా అంటే కాదనేవాడు. నేను ఐదో తూము దాకా పోయి వచ్చేసరికి అక్కడే, నీళ్ల వైపు చూస్తూ ఉండేవాడు. ఒకరోజు లేవబోయి లేవలేకపోయాడు. నేను చెయ్యి చాపబోయి, ఆయన చెప్పిందంతా గుర్తొచ్చి ఆగిపోయాను. ఆయన తలెత్తి నన్ను చూసి నవ్వాడు.

"పట్టుకో సారూ. నాకింక నేర్సుకునేది ఏం లేదు."

ఎడమచేత్తో పట్టుకున్నాను, కుడిచెయ్యి ఆయన వీపు వెనక ఆనించాను. ఆ చెయ్యి ఒక మనిషి బరువు మోయడం జబ్బు చేశాక అదే మొదటిసారి. ఇల్లు చేరేదాకా వదల్లేదు. ఆయనా వదిలించుకోలేదు.

ఆయన పోయిన పదోనాడు కాలువకు నీళ్లు వదిలారు. నేను పొద్దున్నే కట్ట ఎక్కేసరికి మొదటి నీళ్లు మా ఇళ్ల దగ్గరికి ఇంకా రాలేదు. ఎదురుగా నడుచుకుంటూ పోతే ఊరవతల కనబడ్డాయి. ఎండిపోయిన కాలువలో మొదటి నీళ్లు ఎంత నెమ్మదిగా వస్తాయో ఎప్పుడైనా చూశారా? ఎండుటాకులను, నురగను ముందుకు నెట్టుకుంటూ, ఒక్కో నెర్రె దగ్గర ఆగి, దాన్ని నింపి, మళ్లీ కదులుతాయి. కాగితం నలిపినట్టు సన్నటి చప్పుడు. నేను వెనక్కి తిరిగి వాటి పక్కనే ఊరి వైపు నడిచాను. తొందరపడాల్సిన పని లేకపోయింది. నీళ్లకు రెండు బారల ముందు, పొడినేల మీద, రెండు తెల్లకొంగలు తాపీగా అడుగులు వేసుకుంటూ పోతున్నాయి.