వెనక ఎడమ చక్రం

ఫలానా చోట దయ్యం కనిపించిందని ఎవరైనా చెబితే, ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి, అప్పుడు కళ్ళజోడు పెట్టుకునే ఉన్నారా అని అడిగే మనిషిని నేను. నలభై ఏళ్ళుగా ఇదే పని. గాల్లోంచి విబూది పుట్టించే స్వాముల పక్కన నిలబడి, అదే విబూదిని నా వేళ్ళలోంచీ రాల్చి చూపించాను. చేతబడి చేసిందని ఒక ముసలావిడను కొట్టబోతే ఆ వీధికి అడ్డంగా నిలబడి మూడు గంటలు వాదించాను. నమ్మకం మనుషుల్ని చంపుతుందని ఎన్నో వ్యాసాలు రాశాను. వాటిలో ఒక్క వాక్యాన్ని కూడా ఇప్పుడు వెనక్కి తీసుకోవడం లేదు.

అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను. పొరపాటు ఎక్కడ ఉందో చదివినవాళ్ళు పట్టుకుంటే సంతోషిస్తాను.

మా అక్క సుభద్రకు మూత్రపిండాలు రెండూ పాడైపోయాయి. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. ఆత్రేయపురం దగ్గర మా ఊరి నుంచి పొద్దున్న ఆరున్నరకు బయలుదేరి, కాలువ గట్టు మీదుగా బొబ్బర్లంక చేరి, బ్యారేజీ దాటి రాజమండ్రి వెళ్ళాలి. నా కారులో నేనే తీసుకెళ్ళేవాణ్ణి. అక్క ఎప్పుడూ వెనక సీట్లో ఎడమవైపు కూర్చునేది.

బావగారు పోయి పదకొండేళ్ళు. అదే గట్టు మీద, లాకులు దాటాక వచ్చే మలుపులో, వానకు స్కూటరు జారి కాలువలో పడిపోయారు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత దాచాననకుండా.

కార్తీకంలో ఒక మంగళవారం, సరిగ్గా ఆ మలుపులో, స్టీరింగు వెనక పసుపుపచ్చ దీపం వెలిగింది. గుర్రపు నాడా లాంటి గీత, మధ్యలో ఆశ్చర్యార్థకం. టైర్లో గాలి తగ్గిందని అర్థం. తెర మీద నాలుగు చక్రాలకూ నాలుగు అంకెలు కనిపిస్తాయి. మూడింటికి ముప్పై మూడు ఉంది. వెనక ఎడమ చక్రానికి పంతొమ్మిది.

దిగి చూశాను. టైరు బిగువుగా ఉంది. గేజి పెట్టి కొలిస్తే ముప్పై మూడు. మళ్ళీ బయలుదేరి రెండు వందల గజాలు వెళ్ళేసరికి దీపం ఆరిపోయింది.

చలికి టైర్లో గాలి కుంచించుకుంటుంది, అంకె తగ్గుతుంది. కానీ ఒకటో రెండో తగ్గాలి. తగ్గితే నాలుగు చక్రాలకూ తగ్గాలి. రిటైరైన సైన్సు మాస్టారిని, ఆమాత్రం తెలుసు. చక్రంలో గాలి కొలిచే సెన్సారు పాడై ఉంటుందనుకున్నాను.

శుక్రవారం అదే చోట, అదే చక్రానికి, పంతొమ్మిది. మూడోసారి అక్క వెనక నుంచి తల ముందుకు పెట్టి చూసింది.

"మీ బావగారు పిలుస్తున్నారురా."

"పిలవాలంటే ఫోన్ చేస్తారు గానీ టైర్లో గాలి తీస్తారా?"

"నీకు ఫోనెత్తే అలవాటుందేంటి?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ తర్వాతి శుక్రవారం అక్క మంచం దిగలేదు. ఎందుకురా ఇంకా ఈ తిరగడం, ఆయన రమ్మంటున్నారు కదా అంది. ఒక్క డయాలసిస్ తప్పేసరికి ఆదివారానికి కాళ్ళు వాచి, ఆయాసంతో పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంకోటి తప్పితే మనిషి దక్కదని డాక్టరు చెప్పారు.

అప్పటి నుంచి ఆ దీపం నాకు కారు సమస్యగా మిగల్లేదు. దానికి కారణం కనిపెడితే అక్క బతుకుతుంది, లేకపోతే లేదు. మంచం పక్కన కూర్చుని, నాకు గడువివ్వు, ఇది సెన్సారు లోపమని రుజువు చేస్తానన్నాను.

"సరే, నీ పరీక్షలయ్యేదాకా వస్తాను. కానీ నీకేది కనపడితే అది నాకు చెప్పాలి. నన్ను చిన్నపిల్లని చేసి దాచకూడదు."

"దాచేవాణ్ణయితే నాకిన్ని తిట్లెందుకొస్తాయక్కా?" అన్నాను. మాటిచ్చాను.

రావులపాలెంలో సత్తిబాబు అనే మెకానిక్ ఉన్నాడు. సబ్బు నీళ్ళు పోసి లీకు చూశాడు, లేదు. వాల్వులో పిన్ను మార్చాడు. ముందు చక్రాన్ని వెనక్కి, వెనక చక్రాన్ని ముందుకు వేసి, ఏది ఎక్కడుందో స్కానరుతో కారుకు మళ్ళీ నేర్పించాడు. చివరికి కొత్త సెన్సారే వేశాడు. ఏం చేసినా ఆ మలుపులో వెనక ఎడమ చక్రం పంతొమ్మిది చూపించింది.

సెన్సారు రేడియో తరంగాలతో అంకె పంపుతుంది. గట్టు పక్కన రొయ్యల చెరువులున్నాయి. వాటిలో నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోటార్లు అడ్డుపడుతున్నాయేమోనని, చెరువు రైతును బతిమాలి పావుగంట ఆపించాను. దీపం వెలిగింది. కాలువ నీటి మీద సిగ్నలు తిరగబడుతోందేమోననుకున్నాను. వేసవిలో కాలువ కట్టేసి అడుగున బురద ఎండి నెర్రెలిచ్చినా వెలిగింది.

నోట్‌బుక్‌లో అన్నీ రాసుకున్నాను. నేను ఒక్కణ్ణే వెళ్తే ఒక్కసారీ వెలగలేదు. అక్క కూతురు పద్మను అదే సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళాను, వెలగలేదు. అక్క బరువంత బియ్యం ఆ సీట్లో వేసి చూశాను, వెలగలేదు. అక్క ఉంటే వెలిగింది.

మాటిచ్చాను కాబట్టి ఇవన్నీ అక్కకు చెప్పాను. ఆవిడ మాత్రం మాట ప్రకారం మంగళవారం, శుక్రవారం వచ్చి కారెక్కేది. వేసవి చివరికి ఒకరోజు మజ్జిగ తాగుతూ, "ఇంకేం పరీక్షలు మిగిలాయిరా?" అని అడిగింది. ఏమీ మిగల్లేదు.

ఆ మర్నాడు నాకు ఉపాయం తట్టింది. సత్తిబాబును అడిగాను, సెన్సారే లేకపోతే ఏమవుతుందని.

"దీపం ఆరదండి మాస్టారూ. స్టార్ట్ చెయ్యగానే నిమిషంసేపు మిణుకుమిణుకుమంటది, ఆనక అలా వెలుగుతానే ఉంటది, ఆయ్. అంకె బదులు గీతలొస్తాయండి."

తీసెయ్యమన్నాను. నా కళ్ళ ముందే టైరు విప్పి, సెన్సారు తీసేసి, మామూలు రబ్బరు వాల్వు బిగించాడు. సెన్సారును ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. ఇక మా గుమ్మం నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా దీపం వెలుగుతూనే ఉంటుంది. దారంతా వెలిగే దీపానికి మలుపులో ప్రత్యేకంగా చెప్పడానికేం ఉంటుంది?

అక్కకు అంతా వివరించాను. కాసేపు ఆలోచించి పకపకా నవ్వింది.

"ఊరంతా దీపాలు పెట్టేస్తే ఆయనకి మనిల్లేదో తెలీదనా? సరే, గెలిచావులే."

పది వారాలు ప్రశాంతంగా గడిచాయి. అక్క కాస్త అన్నం తినడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో టీవీ చానలు మార్చిన నర్సుతో పోట్లాడింది. దసరాకు పద్మకు ఏ చీర కొనాలో ఇప్పుడే చూడమంది.

శ్రావణంలో ఒక మంగళవారం. మబ్బు పట్టింది గానీ వాన లేదు. లాకులు దాటాం. అక్క కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. దీపం ఆరిపోయింది.

గీతలుండాల్సిన చోట అంకె వచ్చింది. ముప్పై మూడు. సెన్సారు లేని చక్రానికి.

కారు ఆపాను. ఇంజను నడుస్తూనే ఉంది. దిగి చక్రం చూశాను, రబ్బరు వాల్వు అలాగే ఉంది. తిరిగొచ్చి చూస్తే అంకె అలాగే ఉంది. ఫోనుతో ఫొటో తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. అందులో నాలుగు ముప్పై మూడులున్నాయి. బాగున్న ఏ కారైనా అదే చూపిస్తుంది. సాక్ష్యంగా అది ఎందుకూ పనికిరాదు.

తలుపు చప్పుడుకు అక్క లేచింది. "ఏంట్రా, ఆపావు?"

గేదెలు అడ్డొచ్చాయనొచ్చు. ఒంటేలుకు దిగాననొచ్చు. ఆ సీట్లోంచి ఆవిడకు తెర కనిపించడం లేదు. నేను చూసింది చూసినట్టు చెప్పడం తప్ప వేరే పద్ధతి తెలియనివాణ్ణి.

"దీపం ఆరిపోయిందక్కా" అన్నాను.

సీటు పట్టుకుని ముందుకు వంగి చూసింది. చాలాసేపు చూసింది. "ఊఁ" అని వెనక్కి ఆనుకుంది.

మలుపు దాటాక దీపం వెలిగింది, గీతలొచ్చాయి. అదీ చెప్పాను. ఆ రోజు డయాలసిస్ చేయించుకుంది. అదే ఆఖరు.

శుక్రవారం మంచం దిగలేదు. నేను వాదించాను. పద్మ కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. డాక్టరు ఫోనులో మాట్లాడారు. అక్కకు భయం లేదు, కోపం లేదు. "ఓడిపోయావు కదరా, ఒప్పుకోవచ్చు కదా" అంది నాతో, ఆయాసపడుతూనే. నాకు కారణం తెలియదని ఒప్పుకున్నాను. కారణం తెలియకపోవడం వేరు, బావగారు పిలవడం వేరు అని కూడా చెప్పాను. వేదికల మీద ఆ మాటకు చప్పట్లు కొడతారు. అక్క గోడవైపు తిరిగింది.

మంగళవారం కూడా రాలేదు. గురువారం మధ్యాహ్నం పోయింది.

తర్వాత సత్తిబాబు ఆ చక్రాన్ని మళ్ళీ విప్పాడు. లోపల ఏమీ లేదు. స్కానరు పెట్టి చూస్తే, పది వారాలుగా ఆ చక్రం నుంచి ఒక్క సిగ్నలు కూడా అందినట్టు కారులో నమోదు కాలేదు. పాత సెన్సారు బీరువాలోనే ఉంది. దాని తరంగం పది గజాలు దాటదు, మా ఇంటికి ఆ మలుపు ఆరు కిలోమీటర్లు. ఆ దారిన చాలాసార్లు వెళ్ళాను. దీపం వెలుగుతూనే ఉంటుంది, గీతలు గీతలుగానే ఉంటాయి. బావగారు పిలిచారని నేను ఇప్పటికీ నమ్మను. ఆ ఉదయం ఏం జరిగిందో మాత్రం చెప్పలేను.

పదకొండో రోజు భోజనాలయ్యాక పద్మ విస్తళ్ళు తీస్తూ నా దగ్గర ఆగింది.

"అమ్మ నిద్రలో ఉంది కదా మావయ్యా. నువ్వు చెప్పకపోతే తెలిసేది కాదు కదా. ఎందుకు చెప్పావు?"

ఆ అంకె ఎలా వచ్చిందని ఎవరడిగినా, నాకు తెలియదని చెప్పగలను. పద్మకు ఆ మాట చెప్పలేకపోయాను.