పొగరుకు సూది

గ్రేస్ పశువుల డాక్టరు. హాలియాకు కొంచెం ఎడంగా ఉన్న మండలంలో పనిచేస్తుంది. కాలువ కింద పొలాల్లో నాట్లేసి బతికిన నాగులమ్మ కూతురు. నడుము పట్టేసి నాగులమ్మ గట్టు మీద కూలబడితే నాటకాలు చేస్తుందని మేస్త్రి తిట్టడం చిన్నప్పుడు చాలాసార్లు విన్నది. ఆ నాటకం కిడ్నీలో రాళ్లని తర్వాత దవాఖానలో తేలింది. అందుకేనేమో, ఎవరైనా జీవాన్ని తోలుకొచ్చి దీనికి పొగరని చెప్తే గ్రేస్‌కు ఒళ్లు మండుతుంది. అయినా తొందరపడి మాట తేల్చదు. జీవాలకు కూడా మొండితనం ఉంటుంది. పాలు పిండే మనిషిని కావాలని తన్నే బర్రెలను ఆమె చూసింది.

మొన్న మాఘమాసం పెండ్లిళ్లప్పుడు విజేందర్ ఫోన్ చేశాడు. పెండ్లిళ్లకు బ్యాండు, లైట్లు, గుర్రం కిరాయికి ఇచ్చే మనిషి. అతని తెల్ల ఆడగుర్రం చాందిని కొంతకాలంగా పెండ్లికొడుకు ఎక్కగానే ముందుకాళ్లు లేపుతోంది. అంతకుముందు వారమే ఒకతన్ని బ్యాండు ముందర కింద పడేసింది. ఎవరో వీడియో తీస్తే అది ఊళ్లన్నీ తిరిగింది. మర్నాడు సాయంత్రం ఇంకో పెండ్లికొడుకు ఊరేగింపు, బరాత్ ఉంది, ఇప్పుడే వచ్చి చూసి, రేపటికి మత్తు సూది ఏర్పాటు చెయ్యమన్నాడు.

రేకుల షెడ్డులో ఉచ్చ కంపు, కుళ్లిన గడ్డి కంపు, జనరేటర్ డీజిల్ వాసన కలిసి ముక్కులు పగిలిపోతున్నాయి. గుర్రం పిర్ర మీద కట్టె వాతలు తేలి ఉన్నాయి. దాన్ని చూసుకునే గురవయ్య కట్టెను దాచనైనా లేదు. జీను వేస్తే కదలకుండా నిలబడుతుందనీ, నడిపిస్తే నడుస్తుందనీ, మనిషి ఎక్కితేనే వేషాలు మొదలుపెడుతుందనీ చెప్పాడు. నొప్పే ఉంటే జీను వేసినప్పుడే ఎగరాలి కదా అన్నాడు.

ఆ మాట తీసిపారేసేది కాదనిపించింది గ్రేస్‌కు. వీపు మీద పుండు కూడా కనబడలేదు. జీను లేకుండా గుర్రాన్ని నడిపించింది, ఉరికించింది. కుంటు లేదు. తర్వాత బొటనవేలితో వెన్ను పొడుగునా నొక్కుతూ వచ్చింది. భుజాల మీది ఎత్తుకు ఎడమ పక్కన వేలు ఆనగానే తోలు వణికింది, చెవులు వెనక్కి పడ్డాయి, వీపు కిందికి కుంగింది. కుడి పక్క నొక్కితే ఏమీ లేదు. మళ్లీ ఎడమకు వస్తే మళ్లీ అదే చోట అదే వణుకు. పొగరు అట్లా ఒక్క చోటు చూసుకుని రాదు.

అప్పుడు జీను వేయించింది. గురవయ్య చెప్పినట్టే గుర్రం మెదలకుండా నిలబడింది. గ్రేస్ తన రెండు మోచేతులూ జీను మీద ఆనించి, ఒంటి బరువంతా వేసింది. గుర్రం మూలిగి ముందుకాళ్లు లేపింది.

జీను కుట్లు విప్పి లోపల చూడాలంటే విజేందర్ ఒప్పుకోలేదు. ఎర్ర మఖ్మల్, అద్దాలు, జరీ, అంతా కొత్తగా కుట్టించాడట. గ్రేస్ తన కత్తెర తీసి కుట్లు తెగ్గోసింది. లోపల గోనెపట్టా ఏండ్ల నాటి చెమటకు మురిగి నల్లగా జిగటగా ఉంది. బొద్దింకలు బయటికి పాకాయి. దాని కింద కర్ర చట్రం రెండుగా పగిలి ఉంది. పగులును ఎవరో బోల్టుతో బిగించారు. మనిషి బరువు పడితే పగులు తెరుచుకుంటుంది, బోల్టు మొన సరిగ్గా ఆ ఎడమ పక్కనే పొడుస్తుంది.

విజేందర్ ఆశ్చర్యపోలేదు. సామాను మోసే డీసీఎం వ్యాను టైరు కింద పడి చట్రం విరిగితే తనే బిగించానని మామూలుగా చెప్పాడు.

నోరు తెరిచి చూస్తే కళ్లెం బదులు సైకిల్ చైను ముక్క ఉంది. నాలుక అంచు తెగి, చీముపట్టి, ఆ గాయంలో గడ్డి ఇరుక్కుని కుళ్లింది. కడుపులోనే చచ్చిన దూడలను చేత్తో బయటికి లాగిన గ్రేస్ ఆ రోజు షెడ్డు బయటికి పోయి ఉమ్మేసి వచ్చింది. కంపు కన్నా, ఆ నోటిని రోజూ చూస్తూ మేత వేసిన చేతులే ఆమెకు ఎక్కువ రోత పుట్టించాయి.

"మేడం, మీద రెండు బొంతలు ఏస్త. గీ ఒక్క బరాత్ నడిస్తె చాలు. సూది ఏసి పోండ్రి," అన్నాడు విజేందర్.

"సూది ఎయ్య. నోరు మానేదాక కళ్లెం పెట్టొద్దు. మనిషిని ఎక్కియ్యొద్దు."

గుర్రం తనదని గుర్తుచేశాడు విజేందర్. ఆమె గాయం కడిగి, నొప్పికి మందిచ్చి, ఫోటోలు తీసి పై ఆఫీసుకు ఫిర్యాదు పంపింది. అతను ఆగడని తెలిసి, మర్నాడు పొద్దున పెండ్లికొడుకు శివకుమార్ ఇంటికి పోయింది. ఫోటోలు చూపించి, నాలుక సంగతీ బోల్టు సంగతీ చెప్పింది. శివకుమార్ ఫోటో వైపు సగం చూసి మొహం తిప్పుకున్నాడు.

"అంటే నన్ను గూడ పడేస్తదా మేడం?"

"ఎక్కితే పడేస్తది."

"ఇంక ఒద్దు. మల్ల వీడియో తీస్తె ఇజ్జత్ పోతది. కారుల పోత."

గుర్రం సంగతి ఆ ఇంట్లో ఇంకెవరూ అడగలేదు. టిఫిన్ తిని పొమ్మన్నారు. ఆమెకు సయించలేదు.

పడేస్తుందన్న భయమే గుర్రానికి విశ్రాంతినిచ్చింది. శివకుమార్ మాట పాకి ఎవరూ దాన్ని పిలవలేదు. పై ఆఫీసు వాళ్లొచ్చి చైను తీసుకుపోయారు, విజేందర్‌తో వేరే జీను కొనిపించారు. నోరు మానాక, ఎడమ పక్క నొక్కితే వణకడం లేదని చూసుకుని, గ్రేస్ కొత్త జీను వేయించి గురవయ్యను ఎక్కమన్నది. గుర్రం కాసేపు బిగుసుకుని, పొడుపు కోసం ఎదురుచూస్తున్నట్టు చెవులు వెనక్కి పెట్టి నిలబడింది. ఏదీ పొడవలేదు. మెల్లగా అడుగేసింది. కొట్టకపోయినా నడుస్తుందని గురవయ్య వింతగా చెప్పాడు.

విజేందర్ మాత్రం డాక్టరమ్మ పట్నం నుంచి ఏదో సూది తెప్పించి వేసిందనీ, దాంతో పొగరు దిగిందనీ అందరికీ చెప్పుకున్నాడు. గ్రేస్ నిలదీస్తే, ఎట్లయినా పేరు మీకే కదా మేడం అని నవ్వాడు. విరిగిన జీను మాట ఎత్తితే పక్కకు తిరిగాడు.

ఆ సూది కోసం జనం నిజంగానే వచ్చారు. పొడిచే ఎద్దుకు, పాలు చేపని బర్రెకు అడిగారు. ఎక్కడ నొప్పో చూద్దామంటే మొహాలు వేలాడేశారు. ఒకరోజు చాయ్ హోటల్ దగ్గర నలుగురిలో కూర్చున్న ఒక పెద్దమనిషి ఆమెను పిలిచాడు.

"మా కోడలికి గూడ గా పొగరు సూది ఒకటి ఇయ్యుండ్రి మేడం."

అందరూ నవ్వారు.

"ఆమెకు ఏడ నొప్పి ఉన్నదో ఎన్నడన్న అడిగిండ్రా?" అన్నది గ్రేస్.

అది కూడా హాస్యమే అనుకుని అతను ఇంకా గట్టిగా నవ్వాడు. గ్రేస్ చాయ్ గ్లాసు అట్లాగే వదిలేసి, బండి స్టార్ట్ చేసుకుని పోయింది.