మా బావ కలిపిన ఆకుపచ్చ

మా బావ పోయాడని కబురు వచ్చేసరికి నేను నాంపల్లిలో నిచ్చెన మీద ఉన్నాను. యాభై ఆరులో కొత్త రాష్ట్రం వచ్చింది కదా, ప్రతి ఆఫీసు బోర్డూ మార్చాలి. పెయింటర్లకు ఊపిరి సలపడం లేదు. కబురు విని, రాస్తున్న అక్షరం పూర్తిచేసి, అప్పుడు దిగాను. మీరు తిట్టుకున్నా సరే, నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆయనతో తేల్చుకోవాల్సింది తేలకుండానే పోయాడు.

ఆయన మా అక్క భర్త. నాకు కుంచె పట్టడం నేర్పింది ఆయనే. పోలీసు చర్య తర్వాత అబిడ్స్‌లో ఇద్దరం కలిసి బోర్డులు రాసే దుకాణం పెట్టాం. ఒక బిస్కెట్ల కంపెనీ పని మాకు అన్నం పెట్టేది. ఆ కంపెనీకి రంగులు ఎంచింది బావే: ముదురు ఆకుపచ్చ, మీగడ రంగు, అంచుకు సన్నగా ఇటుక ఎరుపు. గోడలు, రేకు బోర్డులు, వ్యాను, దుకాణాల పరదాలు, అన్నిటికీ అవే. అప్పట్లో ఉర్దూ బోర్డుల మీదికి తెలుగు ఎక్కుతోంది.

"రాత మారితే మారనియ్. రంగు మాత్రం మారొద్దు. సదువు రానోడు రంగు జూసే కొంటడు," అనేవాడు.

ఒకే రంగు అంటే ఒకే డబ్బాలోంచి పూయడం అనుకునేరు. గోడకు వేసే సున్నపు రంగు ఆరితే పాలిపోతుంది, రేకుకు వేసే నూనె రంగు అంతగా మారదు. రెండూ ఒకేలా కనబడాలంటే గోడకు దాదాపు నల్లగా కలపాలి. మొదటిసారి అబిడ్స్‌లో గోడ పూస్తూ, బొగ్గు పూసినట్టుందని హడలిపోయి నేను తెలుపు డబ్బా అందుకోబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"తడి మీద తీర్పు జెప్పకు. ఆరనియ్. జర చాయ్ తాగొద్దాం పా."

చాయ్ తాగి వచ్చేసరికి గోడ మీద మా ఆకుపచ్చే ఉంది. ఆయనతో పని చేయడం అంటే అదీ. బజారులో మా బోర్డు ఎక్కడైనా వెలిసిపోతే మర్నాడు తనే డబ్బా పట్టుకుపోయి, ఎవరూ అడక్కుండానే పూసి వచ్చేవాడు. అన్నానికి కూర్చున్నా గోళ్లలో ఆకుపచ్చ ఉండేది. అక్క విసుక్కుంటే నవ్వి ఊరుకునేవాడు.

తర్వాత కంపెనీవాళ్లు బొంబాయిలో రేకు బోర్డులు అచ్చు వేయించాలనుకున్నారు. మేము రంగు సరిచూసుకునే నమూనా రేకు ఇమ్మన్నారు. అది లేకపోతే బొంబాయివాళ్లకు ఆ ఆకుపచ్చ కుదరదు, పని మా దగ్గరే ఉంటుంది. అది ఇస్తే మా దుకాణం మూతపడ్డట్టే. అక్క వడ్డిస్తుండగా బావ నా వైపు చూసి, "ఇయ్యం. మన పొట్ట మనమే కొట్టుకుంటమా?" అన్నాడు.

ఒక పొద్దున నాంపల్లి స్టేషనులో అచ్చు బోర్డులు తళతళలాడుతూ కనబడ్డాయి. వెంట్రుకవాసి తేడా లేకుండా మా ఆకుపచ్చ. నమూనా రేకు బావే ఇచ్చేశాడు. అప్పటికే ఆయనకు కంపెనీలో రంగులు సరిచూసే ఉద్యోగం ఖాయమైంది. నాకు చెప్పనైనా చెప్పలేదు.

"ఇయ్యమంటివి గద బావా?" అని ఇంటికి పోయి అడిగాను.

"బొంబాయోళ్లు మొదలు పంపింది నువ్వు జూడలే. చిలక రంగు. గది ఊరంత పెడితే నేను చూడలేను."

"నా ముఖం చూడగలవా మరి?"

 రంగుకు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, నాకు ఇచ్చింది తప్పాడు. అంతటి మనిషి నన్ను అలా వదిలేశాడన్నది ఇప్పటికీ మింగుడుపడదు. దుకాణం మూసేశాక నేను కూలికి బోర్డులు రాశాను. ఆయన ఇంట్లో లేనప్పుడే అక్కను చూసి వచ్చేవాణ్ని.

ఆ రోజు నిచ్చెన దిగి దవాఖానకు పోయేసరికి అక్కను ఇంటికి పంపేశారు. బావను తీసుకుపోవడానికి కంపెనీ వ్యాను వచ్చింది. దాని కుడి పక్క మా ఆకుపచ్చ. ఎడమ పక్క నీలం.

"సేటు కొత్త రంగు వెట్టమన్నడు," అన్నాడు డ్రైవరు. "కొత్త రాష్ట్రమొచ్చింది, జర కొత్తగ ఉండాలంట. సగమైంది, ఇంతల గీ కబురు."

"బావకు ఎరుకేనా?"

"ఎవరు జెప్తరన్నా? ఆయన దవాఖానల వడ్డంకనే మొదలువెట్టిన్రు."

ఏ రంగు కోసం నన్ను కాదనుకున్నాడో, ఆ రంగును వాళ్లు ఆయన మంచం ఎక్కేదాకా ఆగి చెరిపేస్తున్నారు. సంతోషించాల్సింది నేను. ఆ నీలం వైపు చూడలేక, ముఖం తిప్పుకుని వ్యాను ఎక్కాను.

అక్క ఇల్లు నాంపల్లిలో ఇరుకు గల్లీలో, లోపలికి పోతుంటే ఎడమ పక్క. వ్యాను నేరుగా పోతే ఆమె గడపకు నీలం వస్తుంది. గల్లీ మొదట్లో డ్రైవరును ఆపి, దిగాను.

"ఎనక్కి తిప్పుకొని రా."

"గీ సందులనా? కష్టమన్నా."

"నేను జూపిస్త. మెల్లగ రా."

వ్యాను నా చేతి సైగలు చూసుకుంటూ వెనక్కి వెనక్కి వచ్చి గడప ముందు ఆగింది. అక్క బయటికి వచ్చి, ఆ ఆకుపచ్చ మీద అరచెయ్యి ఆనించి, తల వాల్చింది.