నూతినీళ్ళ కూరలు

ఉప్పు లేకుండా కూర వండటం నాకు వచ్చు. ఇప్పుడు బీపీ అని, కిడ్నీ అని ఇంటికొకరు ఉప్పు మానేస్తున్నారు గనక మా వీధి ఆడవాళ్ళు వచ్చి అడుగుతుంటారు. చెబుతాను. చెప్పేముందు ఒక మాట అడుగుతాను, మీ ఇంట్లో వంటకి నీళ్ళు ఎక్కడివని. కుళాయివని ఒకరు, డబ్బావని ఒకరు చెప్పి మొహమొహాలు చూసుకుంటారు. ముసల్దానికి చాదస్తం అనుకుంటారు. చాదస్తం కాదు. ఎందుకడుగుతానో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నాను. నోటితో చెప్పలేనిది రాయడం కొంత తేలికగా ఉంది.

మాది కొల్లేటి మధ్యలో ఒక లంక ఊరు. మగవాళ్ళు వలలు తీసుకుని దోనెల్లో పోయేవారు. ఆడవాళ్ళు తట్టల్లో చేపలు పెట్టుకుని ఆకివీడు దాకా వెళ్ళి అమ్ముకొచ్చేవారు. కూర అంటే మాకు చేపే. కూరగాయ అనేది చేప పడని నాటి తిండి. వేసంగి వచ్చేసరికి కొల్లేరు లోపలికి తీసేది. ఉప్పుటేరు మీదుగా సముద్రపు పోటు ఎగదన్నేది. పెరటి నూతుల్లో నీళ్ళు ఉప్పు తేలేవి. అందుకని తాగడానికీ పప్పుకీ ఊరి చెరువు నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళం. ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదు, పొద్దంతా పొయ్యి ఊదినా గింజ గింజలాగే ఉంటుంది. కూరకి మాత్రం నూతినీళ్ళే వాడేవాళ్ళం. ముక్క చెదరదు, తరిగిన వంకాయ నల్లబడదు, ఉప్పు సగం వేస్తే సరిపోతుంది. అమ్మ నాకు అలా నేర్పింది. అమ్మకి వాళ్ళమ్మ నేర్పింది. లంకలో ఏ ఇంట్లోనైనా అదే పద్ధతి. అవి ఉప్పునీళ్ళని ఎవరూ అనేవాళ్ళు కాదు. తాగేనీళ్ళు, కూరనీళ్ళు అనేవాళ్ళం, అంతే.

పద్నాలుగో ఏట నన్ను తాడేపల్లిగూడెం ఇచ్చారు. మా ఆయనది రైసుమిల్లులో బస్తాలు కుట్టే పని. అత్తగారు మిల్లు యజమాని ఇంటికి కూరలు తరగడానికి వెళ్ళేది. ఏళ్ళ తరబడి తరుగుతూ, అక్కడి వంటావిడ చేసేదంతా పక్కనుంచి చూసి, ఆ వంటంతా తన చేతికి ఎక్కించుకుంది. నేను కాపరానికి వెళ్ళిన రెండోరోజు సొరకాయ కూర వండాను. అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది.

"అమ్మాయ్, మీ లంకలో ఉప్పు దొరకదా?"

"వేశానండీ అత్తయ్యగారూ."

"వేశావా, దూరం నుంచి చూపించావా?"

మా ఆయన తలెత్తకుండా, "ఉన్న ఉప్పంతా వాళ్ళు చేపలకే పట్టించేస్తారమ్మా, మనుషులకేం మిగులుద్ది" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. గూడెంలో వంటకి గోదావరి కాలవ నీళ్ళు. నేను వేసింది లంక కొలత. పదిరోజులకి చెయ్యి సర్దుకుంది. ఎందుకలా జరిగిందో తర్వాత నేను ఆలోచించలేదు. చెయ్యి సర్దుకున్నాక ఆలోచించే పని ఏముంది అనుకున్నాను.

అత్తగారి నోరు గట్టిది గానీ చెయ్యి మంచిది. నాకు కూరలన్నీ ఆవిడే నేర్పింది. కంద తరిగేముందు చేతులకి నూనె రాసుకోవాలి. ఉడికేటప్పుడు చింతపండు వెయ్యాలి, లేకపోతే తిన్నవాడు గొంతు పట్టుకుని తిట్టుకుంటాడు. అరటిపువ్వులో ప్రతి రెబ్బలోనూ ఉండే గట్టి ఈనె తీసెయ్యాలి. బద్ధకించి నాలుగు వదిలేస్తే ఆ నాలుగే పంటి కింద పడతాయి. తరిగింది తరిగినట్టు మజ్జిగనీళ్ళలో వెయ్యాలి. ఆవ పెట్టిన కూరకి ఆవముద్ద పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది. దించి, వేడి తగ్గాక కలపాలి. నిమ్మరసమూ అంతే. బీరకాయకి నీళ్ళు పొయ్యకూడదు. మూకుడు మీద పళ్ళెం బోర్లించకుండా పెట్టి, ఆ పళ్ళెంలో నీళ్ళు పోసి సన్నసెగ మీద ఉంచితే కాయలో ఉన్న నీటితోనే మగ్గుతుంది. ఇవన్నీ నాకు అయిదేళ్ళలో వచ్చాయి. చేపలు వండే చేతికి కూరగాయలు అలవడ్డాయని మా అమ్మ లంకలో గొప్పగా చెప్పుకునేదట.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు వేసంగిలో అన్నయ్య గూడెం వచ్చాడు. అమ్మకి మొహానికీ కాళ్ళకీ నీరు పట్టిందనీ, ఏలూరు ఆసుపత్రిలో చూపించామనీ చెప్పాడు. మూత్రపిండాలు పాడయ్యాయట. డాక్టరమ్మ మందులిచ్చి, మందు కన్నా పథ్యం ముఖ్యమందట. చేప మానెయ్యాలి, ఉప్పు ముట్టకూడదు, ఉప్పు మానితే నీరు తీస్తుంది, తియ్యకపోతే మనిషి దక్కదు అని గట్టిగా చెప్పిందట.

"మీ వదినకి చేపల పులుసు తప్ప ఏం రాదు. ఉప్పులేని గంజి పోస్తుంటే అమ్మ మొహం పక్కకి తిప్పేస్తంది. నువ్వొస్తేనే" అన్నాడు అన్నయ్య.

అత్తగారు నా బట్టలు తనే మూటకట్టింది. నువ్వులు, ధనియాలు, ఆవాలు వేరేవేరే గుడ్డల్లో ముడివేసి ఇచ్చింది. "ఉప్పు లేని చోట పులుపూ కారం ఆదుకుంటాయి. మీ అమ్మని బతికించుకురా" అంది.

నేను వెళ్ళేసరికి అమ్మ మొహం ఉబ్బి కళ్ళు గీతల్లా ఉన్నాయి. నన్ను చూసి, "గూడెం నీళ్ళకి నల్లబడ్డావే" అంది. నేను ఇంట్లో మొదట చేసిన పని ఉప్పు జాడీ తీసి పొరుగింట్లో పెట్టడం. వదిన, పిల్లలు, అన్నయ్య, అందరూ చప్పిడి తినాల్సిందేనన్నాను. అమ్మ కళ్ళముందు ఒకరు ఉప్పేసుకుని తింటుంటే ఆవిడ నోరు కట్టుకోగలదా? వదిన మూతి ముడుచుకుంది.

పొద్దున్నే అమ్మ కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి చూడటం నా పని. నొక్కిన చోట గుంట పడేది. ఆ గుంట పూడటానికి ఎంతసేపు పడుతుందో చూసేదాన్ని. తొందరగా పూడితే నీరు తీస్తున్నట్టు. డాక్టరమ్మ అలాగే చూసిందని అన్నయ్య చెప్పాడు.

ఇక వంట. ఏలూరు నుంచి పడవలో కూరలు తెప్పించేవాళ్ళం. మొదటిరోజు బీరకాయ మగ్గించి ధనియాలపొడి చల్లాను. అమ్మ రెండు ముద్దలు తిని చాలంది. రెండోరోజు వంకాయ పచ్చిపులుసులా కాకుండా ముక్కలు ఉడికించి చింతపండు పోసి పులుసు పెట్టాను. అమ్మ కంచం తుడుచుకుని తింది. ఉప్పు లేకుండా ఎలా చేశావే అని ముద్ద ముద్దకీ అడిగింది. మూడోరోజు దొండకాయ వేపుడు పక్కకి తోసేసింది. నాలుగోరోజు సొరకాయ ఉడికించి నువ్వులపొడి కలిపితే మారు అడిగింది. గోరుచిక్కుడు ఉడకబెట్టి ఆవ పెడితే మళ్ళీ అడిగింది. వేపుడూ, మగ్గబెట్టిన కూరా అయితే చప్పగా ఉందంటుంది. నీళ్ళలో ఉడికినవీ, పులుసులూ అయితే ఇష్టంగా తింటుంది. నాకు సంతోషం. వేపుళ్ళు మానేశాను. రోజూ ఉడకబెట్టిన కూరే, రోజూ పులుసే. కూర ఉడికిన నీరు పారబోస్తే సారం పోతుందని అత్తగారు చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, ఆ నీటిలోనే నాలుగు మెంతులు, చింతపండు వేసి చారు కాచి పోసేదాన్ని. అమ్మ గిన్నె ఎత్తి తాగేది.

వదిన ఒకరోజు నవ్వుతూ, "మీ చేతిలోనే ఉప్పుందండీ, ఆడపడుచుగారూ" అంది.

ఆ మాటకి నేను మురిసిపోయాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, మురిసిపోయాను.

గుంటలు మాత్రం పూడటం లేదు. పదిరోజులకి మోకాలి దాకా ఉన్న వాపు, ఇరవై రోజులకి నడుం దాకా వచ్చింది. అమ్మ పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయేది. అన్నయ్య మళ్ళీ ఏలూరు వెళ్ళి మందు మార్పించాడు. డాక్టరమ్మ, "ఉప్పు పెడుతున్నారా?" అని అడిగిందట. "ఇంట్లో ఉప్పు రాయి లేదండి, మా చెల్లెలు ఊరుకోదండి" అని చెప్పాడట. నిజమే చెప్పాడు.

నెల దాటాక అత్తగారు చూడటానికి వచ్చింది. ఏలూరులో రైలు దిగి, పడవెక్కి, సంచీలో కందముక్కా బచ్చలికూరా పెట్టుకుని వచ్చింది. అమ్మ దగ్గర కూర్చుంది.

"బాగున్నారా వదినగారండీ?"

"మీ కోడలు రాజభోగం పెడతందండీ. చచ్చేముందు ఇంత తిండి రాసిపెట్టుంది నాకు" అంది అమ్మ.

"చావెందుకండీ. కంద తెచ్చాను. తిని లేచి కూర్చోండి."

తర్వాత అత్తగారు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకొచ్చింది. నేను చేద తోడి ఇచ్చాను. ప్రయాణంలో దుమ్ము తిన్న నోరు కదా, దోసిట్లో పట్టి పుక్కిలించింది. ఉమ్మేసి నావైపు చూసింది. మళ్ళీ ఇంకో దోసెడు నోట్లో పోసుకుని నిదానంగా ఉమ్మింది.

"ఇవేం నీళ్ళే?"

"కూరనీళ్ళండీ."

"కూరనీళ్ళంటే?"

"పప్పుకీ తాగడానికీ చెరువు నీళ్ళండీ. కూరకి ఇవి."

"మీ అమ్మకి వండేది దేంతో?"

చేతిలో చేద గట్టు మీద పెట్టాను. అయిదేళ్ళు కాలవనీళ్ళు తాగినదాన్ని. వచ్చిన మొదటిరోజైనా నాకు తెలియాలి. పుట్టిన ఊరు నీళ్ళు కదా, నాలిక మీద పడగానే ఇంటికొచ్చినట్టుంది గానీ ఉప్పుగా లేదు. మూకుట్లో నీళ్ళు పొయ్యని బీరకాయ ఎందుకు చప్పగా ఉందో, వంకాయ పులుసు ఎందుకు కమ్మగా ఉందో ఆ నూతి దగ్గర నిలబడి ఒక్కసారిగా తెలిసింది. సారం పోకూడదని ఆ నీళ్ళే మరిగించి గిన్నెతో తాగించాను.

అత్తగారు నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండును. నూతి గట్టు మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మకి చెప్పకు. కూతురు పెట్టిన ముద్ద మీద ఆవిడకి అనుమానం రాకూడదు" అంది.

లంకలో నీళ్ళేవీ, చెరువువి కూడా, ఇక నమ్మబుద్ధి కాలేదు. మర్నాటి నుంచి అన్నయ్య దోనెలో ఏలూరు కాలవ నీళ్ళు బిందెలతో తెచ్చేవాడు. ఎందుకని అడిగితే, అత్తగారు చెప్పిందన్నాను. అన్నయ్య మళ్ళీ అడగలేదు. అత్తగారు రెండురోజులుండి, కంద బచ్చలి తన చేత్తో వండి పెట్టి వెళ్ళిపోయింది.

వారానికి గుంటలు కాస్త తొందరగా పూడసాగాయి. నా వేలికి తెలుస్తోంది. కానీ అమ్మ తినడం మానేసింది. అవే వంకాయలు, అదే చింతపండు, అవే నువ్వులు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉంచుకుని, మింగలేక మింగేది. నిమ్మరసం ఎక్కువ పిండాను. మామిడికాయ కోరి కలిపాను. ఆవ ఘాటుగా పెట్టాను. ఏదీ దిగలేదు. ఒంట్లో నీరు తగ్గుతున్న కొద్దీ లోపల మనిషి ఎముకలే ఉన్నట్టు బయటపడింది.

ఒక మధ్యాహ్నం కంచం తీస్తుంటే అమ్మ నా కొంగు పట్టుకుంది. "విసుగొచ్చిందటే నాతో?"

"అదేంటమ్మా?"

"మొదట్లో మనసుపెట్టి వండేదానివి. ఇప్పుడు ఏదో పడేస్తున్నావు. నెలన్నరైంది వచ్చి, నీ కాపరం నీకుంది. తప్పు పట్టనులే."

నిజం చెబితే ఆ మాట వెనక్కి తీసుకునేది. చెబితే, నెలరోజులు నువ్వు ఇష్టంగా తిన్నదంతా నిన్ను చంపేదే అని కూడా చెప్పాలి. నేను కంచం పట్టుకుని నిలబడ్డాను. "లేదమ్మా, ఎండలకి కూరలు బాగుండట్లేదు" అన్నాను.

"అయితే మొన్నటిలాంటి వంకాయ పులుసు ఒక్కసారి చెయ్యి. ఒక్కసారి చాలు."

పెరట్లోకి వెళ్ళి నూతిలో చేద వేశాను. తోడాను. పొయ్యి దగ్గర దాకా తెచ్చాను. వంకాయలు తరిగి ఉన్నాయి, కత్తిపీట పక్కన నల్లబడుతున్నాయి. ఒక్క పూటకి ఏమవుతుంది అనుకున్నాను. ఇప్పటిదాకా అయింది చాలదా అని కూడా అనుకున్నాను. పొద్దున్న కాలి మీద గుంట చూశాను కదా, పూడుతోంది, ఇంకో పదిరోజులు ఆగితే లేచి తిరుగుతుంది, అప్పుడు డాక్టరమ్మని అడిగి చిటికెడు వేసి వండుతాను అనుకున్నాను. చేదలో నీళ్ళు అరటిపాదులో పోసేసి, బిందెలోని కాలవ నీళ్ళతో పులుసు పెట్టాను.

అమ్మ మొదటి ముద్ద తింది. నా మొహంలోకి చూసింది. "బాగుందే" అంది. రెండో ముద్ద కలిపి, కలిపి, కంచంలోనే వదిలేసింది.

నాలుగోరోజు పొద్దున్న ప్రాణం పోయింది. వదినా నేనూ చెరో పక్కన ఉన్నాం. తర్వాత అన్నయ్యతో డాక్టరమ్మ, మూత్రపిండాలు ఎప్పుడో పూర్తిగా పోయాయనీ, ఏం పెట్టినా ఏం పెట్టకపోయినా అన్నాళ్ళే అనీ చెప్పిందట. అది నిజమో, ఏడుస్తున్న కొడుకుకి చెప్పే మాటో నాకు తెలియదు. నిజమే అయితే ఆ రోజు నేను పారబోసిన చేదెడు నీళ్ళు అమ్మకి పెట్టి ఉండాల్సింది. నిజం కాకపోతే ముందు నెలరోజులు పెట్టింది నేనే. రెండింట్లో ఏది కోరుకోవాలో ఈ వయసుకీ తేల్చుకోలేదు.

మా అమ్మ కూర నచ్చితే నచ్చిందనే మనిషి కాదు. మారు వడ్డించమని కంచం ముందుకి తోసేది, అదే మెచ్చుకోలు. బాగుంది అనేది చుట్టాల ఇళ్ళల్లో, వాళ్ళు నొచ్చుకోకూడదని.