న్యూట్రల్ బోల్టు మీద ఎర్రగీత

తిరుపతిలో ఒక లాడ్జి కట్టినప్పుడు కరెంటు పనులకు ఇంజనీరును నేను. అక్కడి ఎలక్ట్రీషియన్ నాకంటే పదేళ్లు పెద్దవాడు. నట్టు బిగించాక, ఫ్యాన్సీ షాపులో కొన్న ఎర్ర నెయిల్ పాలిష్‌తో నట్టు మీదుగా కింది పట్టీ దాకా ఒక గీత గీసేవాడు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగుతుంది. "పెండ్లికూతుర్ని చేస్తాండావే అన్నా" అని ఎగతాళి చేసేవాణ్ణి.

గదులన్నీ నిండిన మొదటి వేసవిలో నన్ను ప్యానెల్ దగ్గరికి పిలిచాడు.

"న్యూట్రల్ కాల్తా ఉండాది సార్. చెయ్యి పెట్టి సూడు."

మూడు ఫేజులూ కొలిచాను. కరెంటు ఇంచుమించు సమానం. అలా ఉంటే, ఫేజుల కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్‌లో ఏమీ మిగలదని చదువుకున్నవాణ్ణి. దానికి ఫేజు తీగలో సగం లావు తీగ చాలని డ్రాయింగులో రాసింది కూడా నేనే. న్యూట్రల్‌కు మీటరు తగిలించనే లేదు.

"నీ చెయ్యి మీటరా అన్నా?"

"మీటరుకి బొబ్బ లేయదు సార్. నాకు లేస్తాది."

తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పాడు. ఒక మధ్యాహ్నం న్యూట్రల్ కాలి తెగింది. కొన్ని గదుల్లో వోల్టేజి ఎగబాకి టీవీలు, ఫ్రిజ్‌లు మాడిపోయాయి. ప్యానెల్ తెరిస్తే బోల్టుకు జానెడు కింద తీగ కరిగి ఉంది. బోల్టు మీద ఎర్రగీత మసిబారిందే గానీ తెగలేదు. అది చూసి కూడా రిపోర్టులో "బిగింపు వదులు" అని రాశాను. నా డ్రాయింగు జోలికి ఎవరూ రాకూడదనుకున్నాను.

అతన్ని తీసేశారు. "ఆయప్ప బిగిస్తే నిలవదంట" అన్న మాట ఊరంతా తిరిగింది. మళ్లీ ఏ ప్యానెలూ అతని చేతికి రాలేదు.

కొన్నేళ్ల తర్వాత నాయుడుపేటలో ఒక ఆఫీసు భవనంలో న్యూట్రల్‌ను మొదటిసారి సరిగ్గా కొలిచాను. ఫేజులకంటే దానిలోనే కరెంటు ఎక్కువ! ఎల్ఈడీ దీపాలు, టీవీలు, కంప్యూటర్లు కరెంటును నిదానంగా తాగవు, గుటకలు గుటకలుగా లాగుతాయి. హార్మోనిక్స్ అనే అదనపు అలలు పుట్టేది అలాగే. వాటిలో కొన్ని మూడు ఫేజుల నుంచీ వచ్చి, న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకోకుండా ఒకదానికొకటి తోడవుతాయి. అక్కడ తీగను రెండింతలు చేయించి, ఫిల్టరు పెట్టించాను. ఆ తీగ మీద చెయ్యి పెట్టినప్పుడే లాడ్జి గుర్తొచ్చింది.

ఆ ఎలక్ట్రీషియన్ చిత్తూరు పక్కన ఒక మామిడి తోటలో డ్రిప్పు పైపులు చూసుకుంటున్నాడని తెలిసి వెళ్లాను. అంతా చెప్పాను. పైపు జాయింటు బిగించడం ఆపకుండానే విన్నాడు.

"నోటితో సెప్తే యాడికి పోతాది సార్? ఆ పొద్దు కాగితం మీద కదా రాసినావు."

లాడ్జి ఓనరుకు ఉత్తరం రాసిచ్చాను. మిగిలినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అతని బిగింపు వదులు కాలేదు. తీగ సన్నం. ఆ తీగను ఎంచింది నేను.